గోడకి అంటనిది

గోడకి కొట్టిన సున్నం
తిరిగి రాదంటారు.
వస్తుంది.
తవితా గొట్టం ఎత్తి, కొండకి గురిపెట్టి,
మీటరు దూరం నుంచి ఎంత సూటిగా చిమ్మినా
పది పాళ్లలో ఒక పాలు
ఇనుప వల మీంచి ఎగిరి, మొహాన కొట్టి,
నా బూట్ల దగ్గర పడుతుంది.
అంటిందంతా గోడ.
అంటనిది నాది.
పార, తట్ట, తోపుడుబండి. ఇదీ నా ఉద్యోగం.

వెల్లింగ్టన్‌లో గాలి
పిలవకపోయినా పనిలోకి వస్తుంది.
నిరుడు ఆగస్టు వానకి ఈ వంపు దగ్గర
కొండ జారి రోడ్డు మీద కూర్చుంది.
ఎవరూ పోలేదు. ఒక పోస్టుపెట్టె,
రెండు కార్లు, డెస్మండ్ గారి కోళ్లగూడు.
తర్వాత మేం వచ్చాం.
కొండలోకి పన్నెండు మీటర్ల మేకులు,
మేకుల మీద వల, వల మీద బూడిదరంగు కాంక్రీటు,
నీళ్లు పోవడానికి వరసగా గొట్టాలు.
గోడలకి చెవులుంటాయో లేదో తెలియదు గాని
మా గోడకి ముక్కులున్నాయి,
జలుబు చేసినట్టు ఎప్పుడూ కారుతూ.

అక్కడితో ఆగిపోవచ్చు. కొండ ఆగింది కదా.
కాని కింద ఇళ్లవాళ్లు సంతకాలు చేసి ఇచ్చారు:
పొద్దున లేచి జైలుగోడ చూడలేం,
రాయిలా కనిపించాలి,
అదీ ఇక్కడి రాయిలా.

అందుకని నైరీ వచ్చింది.
అరవై రెండేళ్లు, మోకాలికి పట్టీ,
జేబులో వంకరపోయిన సూప్ చెంచా.
తవితా పైపూత చిమ్మాక
అది తోడుకునేదాకా రెండు గంటలు.
పెరుగులాగే, ముందు ముట్టుకుంటే చెదురుతుంది,
ఆలస్యమైతే మాట వినదు.
తాపీతో పొరలు తీస్తుంది, కత్తితో అంచులు విరుస్తుంది,
పదివేల ఏళ్ల వాన అరగదీయాల్సిన చోట
చెంచా వీపుతో అరగదీస్తుంది.
ఎదురుగానే అసలు రాయి ఉంది,
గ్రేవాకీ, ముక్కలుముక్కలుగా చిట్లిన నల్లబూడిద రాయి.
ఒక్కసారి కూడా తల తిప్పి చూడదు.
"రాయి ఎప్పుడైనా పక్కరాయిని చూసి గీసుకుందా?"

తర్వాత రంగులు. తుప్పు, మసి, టీ డికాషన్ లాంటిదేదో.
నాచు పట్టాల్సిన చోట
కుంచెతో నిజంగానే పెరుగు పూసింది.
వారం రోజులు ఆ వంపంతా పుల్లటి వాసన,
అందినంత మేర కుక్కలు నాకిపోయాయి.

కౌన్సిల్ ఇంజనీరు ప్రెండర్‌గాస్ట్ తనిఖీకొచ్చి
కింది నుంచి పైదాకా పాకిన పగులొకటి చూసి
చుట్టూ పసుపు సుద్దతో గీసి, తేదీ వేసి,
బిల్లు ఆపేశాడు.
నైరీ చెంచా తీసి ఆ పగుల్లో పెట్టింది.
సరిగ్గా సరిపోయింది.
ఆయన చెవులు ఎర్రబడ్డాయి.
సుద్దగీతని మాత్రం చెరపనివ్వలేదామె.
అంతకన్నా పెద్ద మెడల్ ఎవరిస్తారు?

ఇంకో చలికాలం. ఒక రాత్రి భూమి కదిలింది,
ఇక్కడది మామూలే, కప్పులు గలగలమని ఊరుకున్నాయి.
పొద్దున గోడ కింద నడుస్తుంటే
నైరీ గీతల మధ్య ఇంకో గీత.
వెంట్రుకంత.
దాంట్లో పనితనం లేదు.
ఎక్కడా తిరగలేదు, ఎక్కడా ఆగి ఆలోచించలేదు,
భయపడ్డవాడిలా అడ్డదారిన పరిగెత్తింది.
ఫోన్ చేస్తే ప్రెండర్‌గాస్ట్ నవ్వాడు,
"మళ్లీ చెంచానా?"
"కాదు సార్. ఇందులో చెంచా పట్టదు."

వచ్చారు. ఒక ముక్కు మూసుకుపోయి
వెనక నీళ్లు నిలిచాయట.
కడిగి, చెక్కి, పూడ్చి, తవితా ఇంకో వరస చిమ్మాడు.
కిందపడింది నేనెత్తాను.
నైరీ రాలేదు, మోకాలి ఆపరేషను.
చెంచా పంపింది, కవర్లో పెట్టి, నా పేరు రాసి.

రెండు గంటలు.
నేను రాయిని చూడలేదు.
చూశాను, ఒకసారి.

ఇప్పుడక్కడ అరచెయ్యంత జాగా
కొంచెం తప్పుగా ఉంటుంది.
బస్సులో వెళ్లేవాళ్లకి కనపడదు.
ఒక ఫెర్న్ మొక్కకి కనపడింది.
పక్కనే నైరీ చేసిన అందమైన చీలికలన్నీ వదిలేసి
నా తప్పులో వేరు దింపింది.
రాయి అనుకుందో,
ఇంత మట్టి దొరికింది చాలనుకుందో.